ఒక్క స్పెల్లింగు కింద ఎన్ని మాటలున్నాయో విప్పి చూడటం ఎలా: ‘మ్యాచ్’తో ఒక సాధన

ఇంగ్లిషు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: “ఈ మాటకు మొత్తం ఎన్ని అర్థాలు టీచర్?” అర్థాలు తర్వాత లెక్కపెడదాం, ముందు మాటలు లెక్కపెట్టండి అంటాను. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా చుట్టాలు కానట్టే, ఒకే స్పెల్లింగు ఉన్నంత మాత్రాన అదంతా ఒకే మాట కాదు. ఈ తేడా పట్టుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘మ్యాచ్’ మీద చేసి చూపిస్తాను. తెలుగు ఇళ్లలో ఇంగ్లిషు రానివాళ్లు కూడా రోజూ వాడే మాట అది.

నిఘంటువు తెరవడానికి ముందు ఒక కాగితం తీసుకుని, ఆ మాట మీ చెవిన పడిన వాక్యాలు రాయండి. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకండి, చుట్టూ వింటున్నవే రాయండి. ఉప్పల్ స్టేడియంలో ఆదివారం మ్యాచ్. అమ్మాయికి మంచి మ్యాచ్ వచ్చింది, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. ఆధార్‌లో పేరూ పాన్ కార్డులో పేరూ మ్యాచ్ కావడం లేదు. వాదనలో ఆవిడకు ఆవిడే మ్యాచ్. ఒక మ్యాచ్ బాక్స్ ఇవ్వండి. ఇక చీరల దుకాణాల వీధిలో ప్రతి నాలుగడుగులకూ కనిపించే మ్యాచింగ్ సెంటర్ ఉండనే ఉంది. అక్కడ దుకాణదారు చేసే పని గమనించండి. చీర అంచు మీద రవికె గుడ్డ కొస పరిచి, దీపాల వెలుగును నమ్మకుండా రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో చూస్తాడు. దేనికి ఏది సరిజోడో తేల్చడమే అతని పని. ఆ దృశ్యం గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు చాలామంది ఈ వాక్యాలను తెలుగులోకి మార్చడం మొదలుపెడతారు. పోటీ, సంబంధం, సరిపోలడం, ఉజ్జీ, అగ్గిపుల్ల, నప్పడం. ఆరు తెలుగు మాటలు వచ్చాయి కాబట్టి ఆరు అర్థాలు, పట్టిక వేసి బట్టీ పట్టేద్దాం అనుకుంటారు. పోటీ పరీక్షల గైడ్లన్నీ చేసేది ఇదే, నాకు వాటితో ఉన్న పేచీ కూడా ఇదే. మనకు ఆరు మాటలు అవసరం కావడం మన భాష సంగతి. దాన్నిబట్టి ఇంగ్లిషు మాట లోపల ఏముందో తెలియదు.

పట్టిక బదులు ఒక అర్థం నుంచి పక్క అర్థానికి దారి వేయండి. జంటలో ఒకరు, అంటే సమానమైన జోడు, అన్నచోట మొదలుపెడదాం. చీరకు జోడైన రవికె గుడ్డ సరే. అమ్మాయికి ఈడూ జోడూ అయిన అబ్బాయి, అదీ సరే. రెండు కార్డుల్లో ఒకేలా ఉన్న పేరు కూడా ఆ వరుసలోనే చేరుతుంది. బలంలో సమానమైన ప్రత్యర్థిని మనం ఉజ్జీ అంటాం. అలాంటి ఇద్దరు ఉజ్జీలు తలపడితే అది ఆట. నాలుగు వాక్యాలూ, మ్యాచింగ్ సెంటరు బోర్డూ ఒకే దారి మీద నిలబడ్డాయి. మిగిలింది అగ్గిపెట్టె ఒక్కటే. దాన్ని ఈ దారిలోకి లాగడానికి పుల్లకూ పెట్టెకూ జోడు కలిపేవాళ్లుంటారు. వినడానికి బాగుంటుంది కానీ అది మన తెలివే తప్ప ఆ మాట చరిత్ర కాదు. దారి బలవంతంగా వేయాల్సి వచ్చిందంటే అక్కడ రెండో మాట ఉందేమో అని అనుమానించాలి.

ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికే నిఘంటువు. మంచి నిఘంటువులో ‘మ్యాచ్’ ఒకచోట అయిపోదు. అదే స్పెల్లింగుతో నామవాచకం మళ్లీ ఇంకో పద్దుగా, పక్కన చిన్న అంకె తగిలించుకుని కనిపిస్తుంది. ఒక పద్దు లోపల వరుసగా ఉన్న అంకెలు అర్థాల లెక్క. తలమాటకు తగిలించిన అంకె మాటల లెక్క. ఈ రెండు అంకెలనూ కలగలపకపోతే సగం పని అయినట్టే.

తర్వాత పుట్టుక చెప్పే ముక్క చదవాలి. అచ్చు పుస్తకంలో చదరపు బ్రాకెట్లలో, పొట్టి అక్షరాలతో ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని దాటేస్తారు. మొదటి మ్యాచ్ దగ్గర మధ్యయుగపు ఇంగ్లిషులో ‘మచ్చె’, దానికి ముందు ప్రాచీన ఇంగ్లిషులో ‘యెమాచ్చా’ అని ఉంటుంది. రాతలో అది ‘గ’కారంతో మొదలైనా పలుకు ఇదే. అర్థం తోడు, జంటలో ఒకరు, భార్య లేదా భర్త. అంటే పెళ్లి సంబంధం అన్న వాడుక కొత్తగా అంటుకున్నది కాదు, మొదటినుంచీ ఉన్నదే. సమవుజ్జీ అయిన ప్రత్యర్థి అన్న అర్థం 1300 ప్రాంతంలో కనిపిస్తుంది. ఆటల పోటీ అన్నది 16వ శతాబ్దంలో వచ్చింది.

అక్కడే ‘మేక్’ అనే క్రియకు జ్ఞాతి అని కూడా రాసి ఉంటుంది. జ్ఞాతి అన్నప్పుడు దాని నుంచి పుట్టిందని అర్థం కాదు, ఇద్దరికీ మూలపురుషుడు ఒకడే అని మాత్రమే. ‘ఫ్రమ్’ అని ఉంటే సంతానం, ‘ఎకిన్’ అని ఉంటే దాయాది. రూపానికి ముందు నక్షత్రం గుర్తు ఉంటే, అది ఎక్కడా రాతలో దొరకలేదని, పండితులు పోల్చి చూసి ఊహించి కట్టారని తెలుసుకోండి.

ఇక రెండో మ్యాచ్. దీని పాత రూపం కూడా ‘మచ్చె’యే, ఇక్కడే అందరూ తికమకపడతారు. (మన మచ్చకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, దయచేసి ఆ కథ అల్లకండి.) ఇది మాత్రం పాత ఫ్రెంచి ‘మెయిచె’ నుంచి 14వ శతాబ్దం చివర ఇంగ్లిషులోకి వచ్చింది. అర్థం వత్తి. నేటి ఫ్రెంచిలో వత్తిని ఇప్పటికీ ‘మెష్’ అంటారు. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్ ‘మిక్సా’, దాని వెనక గ్రీకు మాట కనిపిస్తాయి. ఆ గ్రీకు మాటకు దీపం వత్తి అనీ, చీమిడి అనీ అర్థాలు. ప్రమిద మూతి నుంచి వేలాడే వత్తిని చూసి గ్రీకులకు ఏం గుర్తొచ్చిందో చెప్పనవసరం లేదు. అయితే లాటిన్ మెట్టు దగ్గర నిఘంటువులు ‘బహుశా’ అంటాయి. ఆ బహుశాను మీరు కూడా అలాగే ఉంచండి. ఇతరులకు చెప్పేటప్పుడు అది రాలిపోతేనే వదంతులు పుడతాయి.

వత్తి అగ్గిపుల్ల ఎలా అయిందన్నది ఈ వేటలో నాకు బాగా నచ్చిన భాగం. ముందు దీపపు వత్తి. తర్వాత తుపాకి మందును అంటించే తాడు. సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన ఆ తాడు ఆరిపోకుండా నెమ్మదిగా కాలుతూ ఉండేది. మ్యాచ్‌లాక్ తుపాకికి ఆ పేరు అందుకే. ఆ తర్వాత గంధకం పూసిన సన్నని పుల్లలు వచ్చాయి. అవి తమంతట తాము అంటుకోవు, నిప్పురవ్వ నుంచి మంట తెచ్చుకోవడానికే పనికొచ్చేవి. గీస్తే మండే పుల్లను 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్‌లో మందుల దుకాణం నడిపే జాన్ వాకర్ అమ్మకానికి పెట్టాడు. ఆయన వాటిని మ్యాచ్‌లు అనలేదు, ‘ఫ్రిక్షన్ లైట్స్’ అన్నాడు. వాటిని అనుకరించి తయారుచేసినవాళ్లు ‘లూసిఫర్’ అన్నారు. ఆ పేరూ పాత వత్తి పేరూ చాలాకాలం పక్కపక్కనే నడిచి, చివరికి వత్తి పేరే నిలిచింది. వస్తువు మారినా పని అదే కాబట్టి పాత పేరు వదల్లేదు. మన కిరాణా కొట్లలో దొరికే అగ్గిపెట్టె మీద శివకాశి అని ఉన్నా, మ్యాచ్ అన్న మాట వెనక ఉన్నది ఫ్రెంచి వత్తి.

ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లకు ఒక సూచన. నిఘంటువులన్నీ అర్థాలను ఒకే వరుసలో ఇవ్వవు. మెరియమ్-వెబ్‌స్టర్ పుట్టిన వరుసలో ఇస్తుంది కాబట్టి అందులో తుపాకి వత్తి ముందు, అగ్గిపుల్ల తర్వాత. రోజువారీ వాడుక కోసం చేసిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో ఇవాళ ఎక్కువగా వాడే అర్థమే ముందు. ఇది గమనించకుండా మొదట ఉన్నదే మొదట పుట్టిందనుకుంటే చరిత్ర తలకిందులవుతుంది. సంవత్సరాలతో సహా పూర్తి చరిత్ర కావాలంటే 1884లో భాగాలుగా మొదలై 1928లో పూర్తయిన పెద్ద ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ చూడాలి. అది చందా కట్టాల్సిన సరుకు. మామూలు అవసరాలకు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ చాలు.

అర్థం దగ్గరగా ఉంది కదా అని చుట్టరికం కలిపేయడం కూడా ప్రమాదమే. మ్యాచ్ అంటే తోడు, ‘మేట్’ అన్నా తోడే, ధ్వని కూడా దగ్గరే. కానీ మేట్ వచ్చింది ‘మీట్’ దారిలో. మీట్ అంటే అప్పట్లో మాంసం ఒక్కటే కాదు, ఏ తిండి అయినా. కలిసి తినేవాడు మేట్. ఒకే కంచంలో తిన్న స్నేహం అని మనం అనేదీ ఇలాంటిదే. చదరంగంలో చెక్‌మేట్ మళ్లీ వేరు, అది పారశీకపు ‘షా మాత్’ అరబ్బుల మీదుగా ఐరోపా చేరినది. చూపుకు ఒకేలా ఉన్నా మూడూ మూడు దారులు.

ఫోన్లలో తిరిగే పొడి అక్షరాల కథలను అసలు నమ్మకండి. న్యూస్ అంటే ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అనే నాలుగు దిక్కుల ఇంగ్లిషు పేర్లలో మొదటి అక్షరాలట! అది ‘న్యూ’కు బహువచనం, కొత్త సంగతులు అని, అంతే. 20వ శతాబ్దానికి ముందునుంచీ ఉన్న ఏ మాటకైనా ఇలా అక్షరాలు విడదీసి పుట్టుక చెబితే, అది దాదాపు ఎప్పుడూ కల్పితమే.

చేయి తిరగడానికి తర్వాత ‘స్ప్రింగ్’ పట్టండి. వసంతం, ఊట, గెంతు, చుట్టల తీగ అని నాలుగు కనిపిస్తాయి, తవ్వితే ఒకటే మాట. ఆ తర్వాత ‘మింట్’. హైదరాబాద్ సైఫాబాద్‌లోని మింట్ కాంపౌండ్‌కూ చట్నీలో వేసే పుదీనాకూ దారి వేయడానికి ప్రయత్నించకండి. నాణేలు ముద్రించే మింట్ లాటిన్ ‘మొనేటా’ నుంచి, ఆకు లాటిన్ ‘మెంతా’ నుంచి. రెండు పద్దులూ తెరిచి, వాటిలో ‘మనీ’కి దాయాది ఏదో మీరే వెతకండి.