కప్‌బోర్డ్ తలుపు హింజ్ మార్చే ముందు

వంటగది కప్‌బోర్డ్ తలుపు ఒక పక్కకి వాలిందంటే హింజ్ పోయిందనుకుంటాం. చాలాసార్లు పోయేది హింజ్ కాదు, స్క్రూ పట్టు. కొత్తవి కొనే ముందు తలుపు తెరిచి, కింది అంచు పట్టుకుని కాస్త పైకి లేపి చూడండి. స్క్రూలు కూడా కదులుతుంటే రంధ్రాలు లూజైనట్టు. స్క్రూలు గట్టిగా ఉండి హింజ్ చెయ్యి (పెట్టె వైపు బిగించే పొడుగు భాగం) ఊగుతున్నా, తుప్పు పట్టి బిగుసుకున్నా మార్చక తప్పదు. తలుపు కాస్త వంకరగా మాత్రమే ఉంటే హింజ్ మీదుండే సర్దుబాటు స్క్రూలు తిప్పితే చాలు. ఒకటి తలుపుని కుడి ఎడమలకి, ఇంకొకటి ముందుకి వెనక్కి జరుపుతుంది. ఒకసారికి సగం చుట్టు మించి తిప్పొద్దు.

మార్చాల్సిందేనంటే ముందు అరలు ఖాళీ చేయండి. పొయ్యి ఆర్పండి, కింద గట్టు మీదున్న గాజు సామాను తీసేసి పాత దుప్పటి పరవండి. గట్టెక్కి నిలబడొద్దు, కదలని స్టూలు వేసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, తలుపు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. పెద్ద తలుపు చేతిలోకి వచ్చాక గానీ దాని బరువు తెలియదు.

కింది హింజ్ ముందు, పైది చివర విప్పాలి. పైది ముందే విప్పితే తలుపు ముందుకి ఒరిగి, బరువంతా కింది హింజ్ మీద పడి రంధ్రాలు ఊడొస్తాయి. బిగించేటప్పుడు మాత్రం పైదే ముందు.

పైకి లేచే తలుపుల జోలికి మాత్రం సొంతంగా వెళ్లకండి. వాటి స్ప్రింగు చేతులు తలుపు ఊడదీయగానే ఒక్క ఊపున పైకి లేస్తాయి, ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. అలాంటి తలుపుని పైకి నిలిపే గ్యాస్ నింపిన గొట్టాన్ని విప్పడం, దానికి రంధ్రం చేయడం అసలు వద్దు. ఆ తలుపుల పని కార్పెంటర్‌దే.

కొత్త హింజ్ కొనేటప్పుడు పాతది చేత్తో తీసుకెళ్లండి. హింజ్ కప్పు (తలుపులోని గుంతలో కూర్చునే గుండ్రటి భాగం) వ్యాసం ఎక్కువగా 35 మిల్లీమీటర్లే ఉంటుంది, కానీ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 45, 48, 52 ఇలా మారుతుంది. హింజ్ చెయ్యి వంపు కూడా పోల్చాలి. తలుపు పెట్టె అంచుని పూర్తిగా కప్పేదైతే చెయ్యి నిటారుగా, సగం కప్పేదైతే కొంచెం వంగి, లోపలికి కూర్చునేదైతే బాగా వంగి ఉంటుంది. వంపు తప్పితే ఎంత సర్దినా తలుపు సరిగ్గా కూర్చోదు.

స్క్రూ పొడవు దగ్గర జాగ్రత్త. తలుపు మందం 18 మిల్లీమీటర్లుంటే 16 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. లూజైంది కదా అని ఒకసారి నేను పొడుగుది దింపాను, మొన దర్జాగా అవతలి పక్క తేలింది. ఇప్పటికీ అక్కడో స్టిక్కర్ ఉంది. కప్పు కోసం కొత్తగా రంధ్రం చేయాల్సి వస్తే డ్రిల్ బిట్‌కి 12 మిల్లీమీటర్ల దగ్గర టేప్ చుట్టి, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి. పొట్టు కంట్లో పడుతుంది.

లూజైన రంధ్రానికి పాత వైద్యమే బాగా పనిచేస్తుంది. మందు విరిచేసిన అగ్గిపుల్లలకి చెక్క జిగురు పూసి బిగువుగా కూరండి. ఒక రోజంతా ఆరనిచ్చి, పైకొచ్చిన ముక్కలు కోసేయండి. 2 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం చేసి స్క్రూ బిగించండి. చివరి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. మెషిన్‌తో తిప్పితే పార్టికల్ బోర్డ్ (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) పిండై మళ్లీ మొదటికే వస్తుంది. నీరు తగిలి బోర్డు ఉబ్బితే ఈ వైద్యం నిలవదు. ముందు లీకు ఆపి, బోర్డు ఆరాక, వెడల్పాటి స్టీలు రిపేర్ ప్లేట్ వేసి దానికే హింజ్ బిగించండి. స్క్రూలు ఉబ్బని చోటే పడాలి.

వారం తర్వాత స్క్రూలన్నీ ఒకసారి చేత్తో బిగించి చూడండి, కొన్ని తప్పకుండా పావు చుట్టు తిరుగుతాయి.