వారాంతపు విందు: వైన్, వంట, పెంపుడు జంతువు ఒకే సాయంత్రంలో ఇమడాలంటే

వారాంతం సాయంత్రం తీరిగ్గా వండుకుని, ఒక గ్లాసు వైన్ పోసుకుని, కాళ్ల దగ్గర కుక్కో ఒళ్లో పిల్లో ఉండగా కూర్చోవడం చాలా సుఖం. ఆ సుఖం చెడిందంటే కారణం చాలావరకు వరస తప్పడమే. కూర్చునే వేళకు వైన్ చల్లబడి ఉండదు, కూర ఇంకా ఉడకదు, పొద్దుట్నుంచీ కదలని కుక్క వంటింట్లో అడ్డం పడుతూ ఉంటుంది. మూడు పనులకూ కలిపి ఒకే లెక్క వేసుకోవాలి. భోజనం ఎనిమిదింటికి అనుకుంటే పని అయిదింటికే మొదలవ్వాలి, అదీ వంటతో కాదు.

ముందు జంతువు సంగతి

అయిదింటికి వైట్ వైన్ సీసా ఫ్రిజ్‌లో పెట్టేసి కుక్కను బయటికి తీసుకెళ్లండి. నలభై, నలభై అయిదు నిమిషాలు చాలు. ఆపకుండా నడిపించే బదులు ఆగి ఆగి వాసనలు చూడనివ్వండి. ముక్కుతో పని చేసిన కుక్క ఇంటికొచ్చాక నిమ్మళంగా పడుకుంటుంది. రాగానే నీళ్లివ్వండి, తిండికి మాత్రం గంట వ్యవధి ఇవ్వండి. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి తిండికి ముందూ వెనకా పరుగులు, గెంతులు వద్దు. ఏడింటికి గిన్నె పెడితే మీరు కూర్చునే సమయానికి దానికి నిద్ర ముంచుకొస్తుంటుంది.

పిల్లి లెక్క వేరు. వేటాడటం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం అన్నది దాని సహజ క్రమం. ఆ క్రమాన్నే వాడుకోండి. ఏడుంపావుకి కర్రకు ఈక కట్టిన బొమ్మతో పది పదిహేను నిమిషాలు ఆడించండి. బొమ్మను పిల్లి ముఖం మీదికి తేకూడదు, ఏ ఎరా అలా ఎదురు రాదు. దూరంగా పాకిస్తూ సోఫా వెనక్కి సగం దాచి ఒక్క క్షణం ఆపండి; పిల్లి వెనక కాళ్లు సర్దుకుంటుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు దూకుతుంది. మధ్యమధ్యలో పట్టుకోనివ్వండి. ఆట ముగియగానే తిండి. ముందు తిండి పెట్టి తర్వాత ఆడిస్తే క్రమం తిరగబడి సరిగ్గా మీ భోజనం వేళకే అది హుషారుగా బల్లెక్కుతుంది.

కుక్క కోసం ఇంకో ఏర్పాటు ఉదయమే చేసి ఉంచాలి. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో నానబెట్టిన డ్రై ఫుడ్ కూరి, కనీసం నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. మీరు భోజనానికి కూర్చోగానే అది ఇస్తే ఇరవై ముప్ఫై నిమిషాలు నాక్కుంటూ ఉంటుంది. పీనట్ బటర్ పూసేట్లయితే డబ్బా మీద జైలిటాల్ అని గాని, బర్చ్ షుగర్ అని గాని ఉందేమో చదవండి. రెండూ ఒకటే, చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం. కుక్కల్లో అది అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొట్టగలదు, కాలేయాన్నీ దెబ్బతీయగలదు.

వాటి వాటా ఉల్లిపాయ పడకముందే

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. కుక్కకు, పిల్లికి పెట్టదలచిన ముక్కను ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, వైన్ ఏదీ తగలకముందే పక్కకు తీయాలి. వండిన కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం పరిష్కారం కాదు, ఉల్లి సారం అప్పటికే మాంసంలోకి దిగి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. పొడి రూపంలో ఇంకా గాఢంగా ఉంటుంది. పిల్లులు కుక్కల కంటే తేలిగ్గా దెబ్బతింటాయి. నీరసం, పాలిపోయిన చిగుళ్లు తిన్న రోజున కాక కొన్ని రోజుల తర్వాత బయటపడటంతో కారణం తట్టదు కూడా.

ఎంత పెట్టాలంటే, రోజువారీ కేలరీల్లో పదో వంతు దాటకుండా. పది కిలోల కుక్కకు అది ఉప్పులేకుండా ఉడికించిన చర్మంలేని చికెన్ బ్రెస్ట్ సుమారు 35 గ్రాములు. నాలుగు కిలోల పిల్లికి 12 గ్రాములు, అంటే బొటనవేలి కొసంత ముక్క. తోడుగా కుక్కకు ఉడికించిన క్యారెట్ పెట్టొచ్చు. ఆ మేరకు మామూలు తిండి తగ్గించండి.

పెట్టకూడనివాటిలో మొదటిది వైన్. నాకితే ఏమవుతుందని కొందరు వేలికి రాసి పెడతారు, దయచేసి ఆ పని చేయకండి. వాటి శరీర బరువుకు కొద్దిపాటి ఆల్కహాల్ కూడా వాంతులు, తూలడం, ఒళ్లు చల్లబడటం దాకా తీసుకెళ్తుంది. చీజ్ పళ్లెంలో పెట్టే ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో చెప్పలేం, ఒక కుక్కకు పడినన్ని ఇంకో కుక్కకు పడకపోవచ్చు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు అనుమానిస్తున్నారు. చాక్లెట్, మకడేమియా గింజలు, పొంగడానికి పెట్టిన పచ్చి బ్రెడ్ పిండి, వండిన ఎముకలు కూడా అందనివ్వకండి. పచ్చి పిండి కడుపులోనూ పొంగుతుంది, పైగా ఆల్కహాల్ తయారు చేస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో బల్ల మీద లిల్లీ పూలు అసలు వద్దు. పుప్పొడి నాకినా, కుండీలోని నీళ్లు తాగినా మూత్రపిండాలు పాడవుతాయి. పక్షులుంటే ఖాళీ నాన్‌స్టిక్ పెనాన్ని మాడనివ్వకండి, ఆ పొగ వాటి ప్రాణం తీస్తుంది.

ఏదైనా తినేస్తే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించే ప్రయత్నం మానండి, దానితో ఇంకో ప్రమాదం మొదలవుతుంది. ఏం తింది, ఎంత, ఎప్పుడు, జంతువు బరువెంత అన్న నాలుగు వివరాలతో వెంటనే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. లక్షణాలు కనబడే దాకా ఆగకూడదు.

వైన్‌లో ఉడికించిన కోడి తొడలు

వారాంతానికి ఈ వంట ఎందుకంటే చివరి నలభై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. నలుగురికి కావలసినవి: చర్మం, ఎముక ఉన్న కోడి తొడలు కిలో, ఉప్పు 10 గ్రాములు, నూనె రెండు టేబుల్ స్పూన్లు, ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, క్యారెట్లు రెండు, పుట్టగొడుగులు 250 గ్రాములు, మైదా ఒక టేబుల్ స్పూన్, తియ్యదనం లేని వైన్ 250 మిల్లీలీటర్లు, చికెన్ ఉడికించిన నీళ్లు 250 మిల్లీలీటర్లు, బిర్యానీ ఆకు ఒకటి, వెన్న 20 గ్రాములు. 750 మిల్లీలీటర్ల సీసాలో వంటకు పోను మూడు గ్లాసులు మిగులుతాయి. అంతకన్నా తాగేవాళ్లుంటే రెండో సీసా ఉంచుకోండి.

గ్లాసులో పోసుకుని తాగలేని వైన్ కూరలోనూ బాగుండదు. అలాగని ఖరీదైనది వృథా చేయకండి, మరిగేటప్పుడు ఆ సున్నితమైన వాసనలన్నీ పోతాయి. బాగా వగరుగా ఉండే రెడ్ వైన్ వద్దు. నీరు ఇగిరేకొద్దీ వగరు చిక్కబడి చేదవుతుంది. వంట కోసమని ఉప్పు కలిపి అమ్మే వైన్ జోలికి పోకండి. ఇనుప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె వైన్ పులుపుతో చర్య జరిపి లోహం రుచి తెస్తాయి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె గాని, ఎనామిల్ పూత ఉన్నది గాని వాడండి.

ముక్కలకు ఉదయమే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో మూతలేకుండా పెట్టండి. ఆరున్నరకు బయటికి తీసి తడి లేకుండా కాగితంతో అద్దండి. నూనె వేడెక్కాక చర్మం కింద ఉండేలా పరిచి, మధ్యస్థ సెగ మీద ఎనిమిది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. లాగితే అంటుకుపోయినట్టుంటే ఇంకా వేగలేదని అర్థం. ఎర్రబడిన చర్మం దానంతటదే గిన్నెను వదులుతుంది. తిప్పి మూడు నిమిషాలు ఉంచి తీయండి. ఇరుకుగా పేర్చితే నీరు ఊరి ముక్కలు ఉడుకుతాయే తప్ప వేగవు, అందుకే రెండు వాయిలుగా చేయాలి. ఊరిన కొవ్వులో ఒక స్పూను ఉంచి మిగతాది తీసేయండి. ఆ కొవ్వును కుక్కకు పోయకండి, క్లోమం వాపుకు అదొక మామూలు కారణం.

అదే గిన్నెలో పుట్టగొడుగులు వేయించి తీసి, ఉల్లిపాయలు, క్యారెట్లు ఏడు నిమిషాలు, వెల్లుల్లి అర నిమిషం, మైదా ఒక నిమిషం వేయించండి. వైన్ పోసి అడుగున అంటిన ఎర్రటి మడ్డిని చెక్క గరిటెతో గీకండి, కూర రుచంతా అందులోనే ఉంది. మడ్డి నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం గీకకుండా గిన్నె మార్చేయండి. మూత లేకుండా నాలుగైదు నిమిషాలు పెద్ద సెగ మీద సగానికి ఇగరనివ్వాలి. ఇగరకముందే మూత పెడితే పచ్చి పులుపు, ఘాటు కూరలో నిలిచిపోతాయి. తర్వాత చికెన్ నీళ్లు, ఆకు వేసి, చర్మం పైకి ఉండేలా ముక్కలు పేర్చండి; చర్మం మునగకూడదు. మూత కొంచెం ఓరగా పెట్టి సన్న సెగ మీద నలభై నిమిషాలు. ఆఖరి పది నిమిషాల్లో పుట్టగొడుగులు వేసి, దించాక వెన్న కలిపి పది నిమిషాలు వదిలేయండి.

పులుపెక్కువైతే ఇంకో చిన్న వెన్న ముక్క, చిటికెడు చక్కెర సరిచేస్తాయి. పులుసు పల్చగా ఉంటే ముక్కలు తీసి పులుసునొక్కదాన్నే మరిగించండి, ముక్కలతో సహా మరిగిస్తే మాంసం పీచు పీచవుతుంది. వండితే ఆల్కహాలంతా ఎగిరిపోతుందన్నది అపోహ. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం కలిపి ఉడికించిన వంటలో అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు కూడా 5 శాతం మిగులుతుంది. పిల్లలకు, మద్యం ముట్టనివాళ్లకు వడ్డించే ముందు ఈ సంగతి చెప్పాలి.

వైన్ చల్లదనం, గ్లాసు, సీసా

మంచి వైన్ రుచి తప్పేది ఎక్కువగా ఉష్ణోగ్రత దగ్గరే. తేలికపాటి వైట్ 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్, బరువైన వైట్ 10 నుంచి 13, తేలికపాటి రెడ్ 12 నుంచి 14, చిక్కటి రెడ్ 16 నుంచి 18, బుడగల వైన్ 6 నుంచి 8. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చల్లటి గదుల నాటిది. 28 డిగ్రీల గదిలో అది ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియనివ్వదు. గది అంత వేడిగా ఉంటే ఆరున్నరకే రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్ అయితే ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలాగి పోయండి. పెట్టడం మర్చిపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్తి ఐసులో పెడితే ముక్కల మధ్య గాలి వల్ల ఆలస్యమవుతుంది.

గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు తెచ్చిన దోషం, ఎంతసేపు ఆగినా పోదు. వెనిగర్ వాసన వస్తే వంటకూ పనికిరాదు. బుడగల వైన్ తెరిచేటప్పుడు కార్కును బిగించి పట్టుకుని సీసాను తిప్పాలి. సీసా లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు ఆరు రెట్లు ఉంటుంది, ఎగిరిన కార్కు మనిషికీ కుక్కకీ కన్ను పోగొట్టగలదు. టపటప శబ్దాలకు బెదిరే జంతువును ముందే వేరే గదిలో ఉంచడం మేలు.

ఈ కూరకు ఏదైనా తేలికపాటి రెడ్, లేదంటే కూరలో పోసిన వైనే సరిపోతుంది. కారం ఎక్కువైన వంట అయితే వగరు రెడ్, ఆల్కహాల్ ఎక్కువున్నవి నోరు ఇంకా మండిస్తాయి. కొద్దిగా తీపి ఉన్న వైట్ తీసుకోండి. తీపి వంటకం కంటే వైన్ తియ్యగా లేకపోతే పుల్లగా, పేలవంగా అనిపిస్తుంది.

బల్ల దగ్గర, ఆ తర్వాత

తోక ఊపే కుక్క ఉన్న ఇంట్లో పొట్టి బల్ల మీద కాడ గ్లాసులు నిలవవు. కాడ లేనివి వాడండి, లేదా తోక ఎత్తు దాటిన బల్ల మీద పెట్టండి. గ్లాసు పగిలితే ముందు జంతువును గదిలోంచి పంపించి, తర్వాత ఊడ్చి, తడి కాగితంతో నేలంతా అద్దండి. బల్ల నుంచి ఒక్క ముక్క కూడా కిందికి జారవిడవకూడదు. ఒకసారి దొరికిందంటే ప్రతి భోజనానికీ ఎదురుచూస్తుంది. దాని వాటా దాని గిన్నెలోనే, దాని చాప దగ్గరే. చాప మీద కూర్చోవడం నేర్పడానికి రోజూ అయిదు నిమిషాల చొప్పున ఒకటి రెండు వారాలు పడుతుంది, అతిథులొచ్చే రోజున మొదలుపెడితే కుదరదు.

తిన్నాక ఎముకలు, కార్కు, సీసా మూతి రేకు, మాంసం కట్టిన దారం ఉంటే అదీ మూత గట్టిగా పడే చెత్తబుట్టలో వేయండి. కార్కు పేగుకు అడ్డం పడుతుంది, దారం పిల్లి పేగులను ముడుచుకుపోయేలా లాగుతుంది. గ్లాసుల్లో మిగిలిన వైన్ వెంటనే పారబోయండి. కూర రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు రోజులు నిలుస్తుంది, మర్నాటికి రుచి పెరుగుతుంది. సీసాలో మిగిలిన వైన్‌ను చిన్న సీసాలోకి అంచు దాకా నింపి మూత పెడితే లోపల గాలి ఉండదు. రెడ్ అయినా వైట్ అయినా ఫ్రిజ్‌లోనే పెట్టండి, మూడు నుంచి అయిదు రోజులు బాగుంటుంది. అది దాటితే వచ్చే వారం కూరకు ఐస్ ట్రేలో గడ్డకట్టించి దాచుకోవచ్చు.