ఫుషిమి ఇనారి కొండ ఎక్కే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వరికి, వ్యాపారానికి అధిదేవత ఇనారి. ఆ దేవతకు జపాన్‌లోని క్యోటోలో 711 నుంచి పూజలందుతున్న గుడి ఫుషిమి ఇనారి తైషా. టూర్ ప్లాన్‌లో దీనికి గంట కేటాయించి వెళ్తే గుడి ముందు నుంచే వెనక్కి రావాలి. ఎర్రటి తోరణ ద్వారాల కింద నడుస్తూ గుడి వెనక కొండ పైదాకా వెళ్లి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. తిరుమల మెట్లెక్కినవాళ్లకు 233 మీటర్ల కొండ పెద్ద లెక్క కాదు. అయినా జూలై, ఆగస్టు ఉక్కపోతను తక్కువ అంచనా వేయకండి. నీళ్లు కిందే కొనుక్కోండి, పైకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సగం దారిలో యొత్సుత్సుజి అనే కూడలి దగ్గర ఆగిపోవచ్చు. ఊరంతా అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.

టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఉదయం ఏడింటికల్లా చేరుకుంటే మంచిది. చీకటి పడ్డాక పిల్లలతో పైకి వెళ్లొద్దు, అడవి పందులు తిరుగుతాయి. జనవరి మొదటి మూడు రోజులు లక్షల్లో జనం వస్తారు. చంటిబిడ్డ ఉంటే ఆ రోజులు మానుకోండి. క్యోటో స్టేషన్లో జేఆర్ (జపాన్ రైల్వే) నారా లైన్ లోకల్ ట్రైనే ఎక్కండి, ర్యాపిడ్ ట్రైన్ గుడి దగ్గరి ఇనారి స్టేషన్లో ఆగదు.

కొండ మీద భక్తులు నిలబెట్టుకున్న చిన్న చిన్న రాతి గుళ్లు వేలల్లో ఉంటాయి. ఇరుకు సందుల్లో, మోకాలి ఎత్తున కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. చీర కొంగు, చున్నీ దగ్గరగా పట్టుకుని నడవండి. నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి పట్టుకున్న నక్క బొమ్మలు ఇనారి దూతలు. వాటి మీద చెయ్యి వేసి ఫొటోలు దిగొద్దు. భక్తితోనే అయినా కుంకుమ పెట్టడం, కర్పూరం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం అక్కడ చేయకూడదు. కాకులు, పందులు వస్తాయి కాబట్టి ప్రసాదమని తినేవేవీ వదలొద్దు. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ ఒకసారి వంగితే చాలు. చెప్పులు విప్పక్కర్లేదు.

శాకాహారులకు ఒక మాట. గుడి వీధిలో దొరికే కిత్సునే ఉడోన్ అనే చారు నూడుల్స్‌లో పైకి కనిపించేది వేయించిన టోఫూనే (సోయా పనీర్), కానీ చారు మామూలుగా చేపతో కాస్తారు. టోఫూ సంచిలో అన్నం కూరి చేసే ఇనారి సుషీలోని టోఫూని కూడా చాలాచోట్ల ఆ చారులోనే ఉడికిస్తారు. అడగకుండా తినకండి, లేదంటే పులిహోర కట్టుకెళ్లి కొండ దిగాక తినండి.