డిజైన్ అంటే మనుషుల మధ్య మాట – 4వ పాఠం: నలుగురూ వాడే కాలమ్ పేరు మార్చడం

డేటాబేస్‌లోని కస్టమర్ల టేబుల్‌ను మన ప్రోగ్రామ్ కాక ఇంకెవరెవరు చదువుతున్నారో గత పాఠంలో జాబితా రాసుకున్నాం. దాన్ని దగ్గర పెట్టుకుని ఈసారి ‘ఫోన్’ కాలమ్‌ను ‘మొబైల్’గా మారుద్దాం.

ఒక్క కమాండ్‌తో క్షణంలో అయిపోయే పనే. కానీ ఆ పేరును నమ్ముకుని పక్క టీమ్ క్వెరీలు (డేటాను అడిగే ఆదేశాలు) రాసుకుంది. చెప్పకుండా మారిస్తే వాళ్ల రిపోర్టు అర్ధరాత్రి ఆగుతుంది, ఆపై మనం చేసే ఏ మార్పునూ వాళ్లు నమ్మరు. అందుకే కొత్తది చేర్చడం, అందర్నీ దాని మీదికి తేవడం, పాతది తీసేయడం వేర్వేరు రిలీజ్‌లుగా (సర్వర్లకు మార్పులు పంపే విడతలుగా) చేస్తాం.

మొదట ‘మొబైల్’ కాలమ్‌ను నల్‌కు (అంటే ఖాళీగా ఉండటానికి) అనుమతిస్తూ చేర్చండి. డిఫాల్ట్ (ఏమీ ఇవ్వనప్పుడు దానంతటదే పడే విలువ) లేకుండా నాట్ నల్ (ఖాళీ కుదరదనే నిబంధన) పెడితే, ఆ కాలమ్ ఊసే తెలియని పాత కోడ్ చేసే ఇన్‌సర్ట్‌లు (కొత్త వరుసలు చేర్చడం) ఫెయిలవుతాయి.

తర్వాతి రిలీజ్‌లో కోడ్ రెండు కాలమ్‌లలోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాంట్లోంచే. అది అన్ని సర్వర్లకూ చేరాకే పాత వరుసల్లో ‘మొబైల్’ను ‘ఫోన్’లోని నంబరుతో నింపండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రిలీజ్ నడుస్తున్నంతసేపూ పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. కొత్త కోడ్ రెండింట్లో రాసిన నంబరును పాత కోడ్ ఆ వెంటనే ఒకదాంట్లోనే మార్చేయవచ్చు. కాబట్టి ‘మొబైల్’ ఖాళీగా ఉన్న వరుసలతో పాటు ‘ఫోన్’తో సరిపోలని వరుసలు కూడా నింపాలి. టేబుల్ మొత్తాన్ని ఒకే అప్‌డేట్‌లో నింపితే కమిట్ అయ్యేదాకా (మార్పు ఖరారయ్యేదాకా) వరుసలన్నీ లాక్‌లో ఉంటాయి, వాటిని ఇంకెవరూ మార్చలేరు. 1,000 వరుసలకోసారి కమిట్ చేయండి.

రెండు కాలమ్‌ల మధ్య తేడా సున్నా అయ్యాక చదవడం కొత్తదానికి మార్చండి. పాతదాంట్లో రాయడం అప్పుడే ఆపొద్దు, వెనక్కి వెళ్లాల్సి వస్తే అదే ఆధారం.

ఇప్పుడు జాబితాలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. ‘మార్చుకోండి’ అని మెయిల్ పెట్టి ఊరుకోవద్దు. వాళ్ల క్వెరీలో మారాల్సిన లైను మీరే రాసివ్వండి, తేదీ వాళ్లనే చెప్పమనండి. ఆ గడువులో ఒక నెలాఖరు తప్పక ఉండాలి. నెలకోసారి నడిచే రిపోర్టులు అప్పుడే బయటపడతాయి.

అందరూ మారాక పాతదాంట్లో రాయడం ఆపండి (అది నాట్ నల్ అయితే ముందు ఆ నిబంధన తీయాలి). అదే రోజు దాని పేరును ‘ఫోన్_పాత’ చేయండి. లేదంటే ఇంకా దాన్నే చదువుతున్నవాళ్లకు చెల్లిపోయిన నంబర్లు వెళ్తుంటాయి, ఎవరికీ తెలియదు. రిపోర్టు ఆగడం కన్నా అది ఘోరం. ఎవరిదైనా ఆగితే పేరు తిప్పి పెట్టేస్తే సరి. వారం ఆగి ఆ కాలమ్‌ను డ్రాప్ చేయండి (పూర్తిగా తీసేయండి).

అభ్యాసం: ఒకే ‘పేరు’ కాలమ్‌ను ‘ఇంటిపేరు’, ‘పేరు’గా విడదీయడానికి ఎన్ని రిలీజ్‌లు కావాలో, ఒక్కోదానికి ముందు ఎవరితో మాట్లాడాలో రాయండి.