పెయింటుతో అతుక్కుపోయిన కిటికీ

ఉద్యోగం మారి డల్లాస్ వచ్చేశాక బాల్టిమోర్‌లోని మా పాత రో హౌస్‌ని, అంటే పక్కిళ్లతో గోడలు కలిసిన ఇంటిని, అద్దెకిద్దామనుకున్నాం. ఒక్క కుటుంబం ఉండే ఇంటికి లైసెన్సు ఎందుకులే అనుకున్నా. 2019 జనవరి నుంచి అక్కడ ఒకటి, రెండు కుటుంబాల అద్దె ఇళ్లకూ లైసెన్సు తప్పనిసరట! లేకుండా అద్దె వసూలు చేయకూడదు. ఇక టెన్షన్ మొదలైంది.

తనిఖీకి సిటీ వాళ్లు రారు. రాష్ట్ర లైసెన్సు ఉన్న హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని మనమే పెట్టుకోవాలి. ఆయన రెండు తప్పులు రాశాడు.

మొదటిది స్మోక్ అలారం. బటన్ నొక్కితే కుయ్యిమంటోంది, మరి తప్పేంటి? విప్పి వెనక చూస్తే తయారీ తేదీ దాటి పదేళ్లు పైనే. కొత్తది బిగించాను, పది నిమిషాల పని.

రెండోది పడకగది కిటికీ. ఎన్నేళ్ల పెయింటో, పొరలు పొరలుగా అతుక్కుపోయి కదల్లేదు. చాకుతో గీకబోయి ఆగాను. 1978కి ముందు కట్టిన ఇల్లు, పెయింటులో సీసం ఉండొచ్చు, గీకితే ఆ పొడి విషం. సీసం పనికి సర్టిఫికెట్ ఉన్న మనిషిని పిలిచాను. కింద ప్లాస్టిక్ పరిచి, పెయింటు తడిపి, అంచు వెంట మెల్లగా కోశాడు. టక్‌మని లేచింది. కూలి మాత్రం బాగానే గుంజాడు.

సీసం విషయంలో ఇల్లు సరిగ్గానే ఉందని చెప్పే సర్టిఫికెట్ విడిగా తీసుకున్నాం. రెండోసారి తనిఖీ పాసయ్యాకే లైసెన్సుకి అప్లై చేశాను.