అమెరికాలో ఇమిగ్రేషన్ డిటెన్షన్: బాండ్‌కు దరఖాస్తు చేసుకునే విధానం

మనవాళ్లను ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అమలు విభాగం) అధికారులు పట్టుకెళ్లారని తెలియగానే, డబ్బు పంపితే బయటికి తెస్తామంటూ ఎవరో ఒకరు తయారవుతారు. పంపకండి. 2019లో ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. ఆ టెన్షన్ మన ఇళ్లకు కొత్త కాదు.

ముందు మనిషి ఎక్కడున్నారో ఐస్ వెబ్‌సైట్‌లోని డిటైనీ లొకేటర్‌లో చూడాలి. ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ శాఖ ఒక్కొక్కరికి ఇచ్చే ఫైలు నంబర్), పుట్టిన దేశం చాలు. పేరుతో వెతికితే ఒక్క అక్షరం తేడా ఉన్నా దొరకదు కాబట్టి ఇంటిపేరును ముందూ వెనకా మార్చి చూడండి.

బాండ్ అంటే కోర్టు వాయిదాలకు వస్తామని పూచీగా డబ్బు కట్టి బయటికి రావడం. ఐస్ బాండ్ ఇవ్వకపోయినా, ఎక్కువ అడిగినా ఇమిగ్రేషన్ జడ్జిని విచారణ కోరవచ్చు. కనీస బాండ్ 1500 డాలర్లు. వీసా మీద వచ్చి గడువు దాటినవాళ్లకు సాధారణంగా ఈ దారి ఉంటుంది. తనిఖీ లేకుండా సరిహద్దు దాటినవాళ్లకు మాత్రం బాండ్ ఇచ్చే అధికారం జడ్జికి లేదంటూ 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇచ్చిన తీర్పు అడ్డొస్తోంది. వాళ్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లే విషయం లాయర్‌తో మాట్లాడాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: కాగితాలు చేతికి రాకముందే విచారణ అడిగేస్తారు. ఒకసారి కాదంటే, పరిస్థితి గణనీయంగా మారిందని రాతపూర్వకంగా చూపితేనే మళ్లీ వింటారు. పారిపోరనీ, ప్రమాదం కారనీ నిరూపించుకోవాల్సింది లోపలున్నవాళ్లే. ఇది సివిల్ వ్యవహారం, శిక్ష కాదు. అయినా మనిషిని బంధించి, రుజువులు కూడా అతణ్ణే తెమ్మనడం అన్యాయం. ప్రభుత్వం లాయర్‌నూ ఇవ్వదు. అందుకే బయటున్నవాళ్లే పూనుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం స్పాన్సర్ లేఖ, అంటే విడుదలయ్యాక బాధ్యత తీసుకునే మనిషి రాసిచ్చేది. "మంచివాడు, వదిలేయండి" అని రాస్తే సరిపోదు. విడుదలయ్యాక ఏ ఇంట్లో ఉంటారు, ఖర్చు ఎవరు చూస్తారు, కోర్టుకు ఎవరు తీసుకొస్తారు అన్నవి రాసి సంతకం చేయాలి. గ్రీన్‌కార్డ్ లేదా పౌరసత్వం కాపీ, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు జతచేయాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి.

బాండ్ మొత్తం ఒకేసారి కట్టాలి. కేసు ముగిశాక డబ్బు తిరిగొచ్చేది ఎవరి పేరున కట్టారో వాళ్లకే. మధ్యవర్తి పేరున కట్టించారో, ఇక ఆ డబ్బు మీద మీకు పట్టుండదు. చట్టబద్ధ హోదా ఉన్న సొంతమనిషితోనే కట్టించండి.

లోపలున్నవాళ్లకు ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి: అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు వాళ్లకుంది.

విడుదలయ్యాక ఇల్లు మారితే 5 పనిదినాల్లో ఈఓఐఆర్-33 అనే చిరునామా మార్పు ఫారంతో కోర్టుకు తెలపాలి. నోటీసు పాత ఇంటికి వెళ్లి వాయిదా తప్పితే, బాండ్ డబ్బు పోవడమే కాక, వాళ్లు లేకుండానే దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు రావచ్చు.