ట్యూక్స్‌బరీ ఊరిని ఒక్క పూటలో నడిచి చూడటం ఎలా?

ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో సెవెర్న్, ఏవన్ నదులు కలిసే చోట ట్యూక్స్‌బరీ అనే పాత సంత ఊరు ఉంది. చాలామంది కారు దిగి, పెద్ద చర్చి చూసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అలా చూస్తే ఈ ఊరు సగం కూడా అర్థం కాదు. ఇక్కడి ప్రతి గోడ వెనకా నది ఉంది. చర్చికి తర్వాత వెళ్లొచ్చు, ముందు నీళ్ల దగ్గరికి నడవండి.

బయల్దేరే ముందు

నది మట్టం ఎలా ఉందో ఇంగ్లండ్ ప్రభుత్వ వరద హెచ్చరికల వెబ్‌సైట్‌లో చూసుకోండి. చలికాలంలో ఇది తప్పనిసరి. రైల్లో వస్తే యాష్‌చర్చ్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి ఊరు దాదాపు 3 కిలోమీటర్లు.

1. సెవెర్న్ హామ్ మీద నిలబడండి

ఊరి పక్కనే మిల్ ఏవన్ అనే పాయ పారుతుంది. పాత పిండిమిల్లు దగ్గర దాన్ని దాటితే సెవెర్న్ హామ్ అనే పెద్ద గడ్డి మైదానంలోకి వస్తారు. ఇక్కడ ఇళ్లు కట్టరు, ఎందుకంటే వరదొస్తే ఇదంతా మునుగుతుంది. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగి ఊరిని చూడండి. కాస్త మెరక మీద ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కనిపిస్తాయి. చుట్టూ పల్లపు నేల కాబట్టి ఊరు పక్కలకి పెరగలేకపోయింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాత చూసేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

2. సందుల్లోకి దూరండి

ఊళ్లో ముఖ్యమైన వీధులు మూడే: హై స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, బార్టన్ స్ట్రీట్. మూడూ 'క్రాస్' అనే కూడలి దగ్గర కలుస్తాయి. వీధి వైపు జాగా తక్కువ, దానికి గిరాకీ ఎక్కువ. అందుకే స్థలాలన్నీ ముందు వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. జనం పెరిగేకొద్దీ పెరళ్లలోనే ఇళ్లు కట్టుకుంటూ పోయారు. వాటికి దారిగా ఇళ్ల మధ్య సన్నటి సందులు మిగిలాయి. ఒకప్పుడు దాదాపు 90 ఉండేవట, ఇప్పుడు 30 వరకు ఉన్నాయి.

ఏ సందు కనిపించినా లోపలికి వెళ్లండి, భయం అక్కర్లేదు. చర్చ్ స్ట్రీట్ నుంచి ఓల్డ్ బాప్టిస్ట్ చాపెల్‌కి వెళ్లే సందు మాత్రం వదలొద్దు. ఆ చాపెల్ అసలు మధ్యయుగపు ఇల్లు, 17వ శతాబ్దంలో ప్రార్థన మందిరంగా మారింది. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లే అనుకుంటారు.

3. తలెత్తి పై అంతస్తులు చూడండి

కింద అద్దాల షాపులు చూసి మోసపోవద్దు. పైన నల్లటి కర్ర దూలాల చట్రం, వాటి మధ్య తడిక అల్లి మట్టి మెత్తిన గోడలు. పై అంతస్తు వీధి మీదికి పొడుచుకు వచ్చి ఉంటుంది. కొన్ని ఇళ్లకి ముందు చక్కటి ఇటుక గోడ కనిపిస్తుంది. అది 18వ శతాబ్దపు ఫ్యాషన్ కోసం పాత కర్ర ఇంటికి తొడిగిన ముఖం. సందులోకి వెళ్లి పక్క గోడ చూస్తే అసలు వయసు బయటపడుతుంది.

చర్చ్ స్ట్రీట్‌లో అబ్బే (ఒకప్పుడు క్రైస్తవ మఠానిదైన ఆ పెద్ద చర్చి) ఎదురుగా 15వ శతాబ్దంలో మఠంవాళ్లు అద్దెకిచ్చేందుకు కట్టిన దుకాణాల వరస ఉంది. వాటిలో ఒకటి అప్పటి వ్యాపారి ఇల్లులా తీర్చిదిద్దిన మ్యూజియం. ఆ రోజుల్లో దుకాణం కిటికీ తలుపు కిందికి వాలిస్తే అదే అమ్మకపు బల్ల.

4. ఇప్పుడు అబ్బేలోకి వెళ్లండి

దీనికి కనీసం గంట పెట్టుకోండి. 1121లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చికి ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతంలోని కాన్ నుంచి కూడా రాయి వచ్చింది. అది సముద్రం దాటి, సెవెర్న్ మీదుగా పడవల్లో ఇక్కడికి చేరింది. నది లేకపోతే ఈ కట్టడం ఇలా ఉండేది కాదు. లోపల లావుపాటి గుండ్రటి స్తంభాల పక్కన నిలబడితే మనిషి ఎంత చిన్నవాడో తెలుస్తుంది. పైనున్న నార్మన్ గోపురం ఎత్తు దాదాపు 45 మీటర్లు.

1471 మే 4న ఊరి బయట పెద్ద యుద్ధం జరిగింది. ఇంగ్లండ్ సింహాసనం కోసం లాంకాస్టర్, యార్క్ అనే రెండు రాజవంశాలు కొట్టుకుంటున్న రోజులవి. లాంకాస్టర్ సైన్యం సెవెర్న్ దాటి వేల్స్ చేరాలనుకుంది. గ్లోస్టర్ నగరం కోట తలుపులు మూసేయడంతో అక్కడి వంతెన అందలేదు, ఇక్కడ నది అడ్డం పడింది, వెనక నుంచి యార్క్ రాజు నాలుగో ఎడ్వర్డ్ వచ్చి పడ్డాడు. ఓడిన పక్షంలోని 17 ఏళ్ల రాకుమారుడు ఎడ్వర్డ్ చనిపోయాడు, అతన్ని ఈ చర్చిలోనే పూడ్చారు. నేల మీద అతని పేరున్న ఫలకం వెతకండి. చర్చిలో తలదాచుకున్నవాళ్లని బయటికి లాగి క్రాస్ దగ్గర తలలు నరికించారు. పొద్దున మీరు దాటి వచ్చిన కూడలే అది.

1540లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. అయితే చర్చిని కూల్చనివ్వకుండా ఊరివాళ్లే 453 పౌండ్లు పెట్టి కొనుక్కున్నారు. గంటలకీ, పైకప్పు మీది సీసపు లోహానికీ కట్టిన వెల అది. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

2007 జూలై వరదల్లో నీళ్ల మధ్య దీవిలా మిగిలిన ఈ అబ్బే ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ వరదకే మైథ్ నీటి శుద్ధి కేంద్రం మునిగి, చుట్టుపక్కల దాదాపు 3,50,000 మందికి కుళాయి నీళ్లు ఆగిపోయాయి.

5. ఓపిక ఉంటే మైథ్ వంతెన దాకా

హై స్ట్రీట్ దాటి ఉత్తరంగా నడవండి. 1826లో థామస్ టెల్ఫర్డ్ అనే ఇంజనీరు కట్టిన పోత ఇనుప వంతెన సుమారు 52 మీటర్ల ఒకే ఒక్క కమానుతో సెవెర్న్‌ని దాటుతుంది. రోడ్డు ఇరుకు, వాహనాలు చూసుకోండి. ఒడ్డు నుంచి చూస్తే వంతెన చివరి రాతి కట్టడంలో సన్నటి, మొనదేలిన కమానులు కనిపిస్తాయి. వరద నీళ్లు పోవడానికి టెల్ఫర్డ్ వదిలిన దారి అది.